బూడిద కింద రొట్టె

శవం అరికాళ్ళు తెల్లగా ఉన్నాయి.

గురువారం పొద్దున్నే మార్చురీలో ఇన్‌స్పెక్టర్ నౌఫాకు కొత్తగా కనిపించింది అదొక్కటే. మిగతావన్నీ రాజధాని నుంచి దిగిన మేజర్ ఘాలిబ్ ముందురోజే చూసి, కాగితం మీద పెట్టి, కింద సంతకం కూడా గీకేశాడు. తల వెనక రాయితో నాలుగు దెబ్బలు. మొదటి దెబ్బకే ప్రాణం పోయింది, మిగతా మూడూ కసి తీర్చుకోవడానికి. కుడిచేతి వేళ్ళు రెండు విరిగాయి. పేరు ఫ్రెయిజ్, వయసు ముప్ఫై ఎనిమిది, లోయల్లో నడవడానికి వచ్చే పట్నం షోకుబాబులకు వండిపెట్టడం అతని పని. ఇవన్నీ ఉన్నాయి. అరికాళ్ళకు పట్టిన తెల్ల బంకమన్ను గురించి మాత్రం ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. శవాన్ని కడగబోతున్న ముసలాయన చేతిలోంచి చెంబు లాక్కుని మరీ ఆమె ఫోటో తీసుకుంది.

వాదీ సుఖైర్ లోయలో ఇసుక ఎరుపు, రాళ్ళు ఎరుపు, మధ్యాహ్నమయ్యేసరికి మనుషుల కళ్ళూ ఎరుపే. అందులో చచ్చినవాడికి తెల్లమన్ను ఎక్కడ దొరికినట్టు?

పదకొండుంబావుకి ఆమె గుడారాల దగ్గరికి చేరేసరికి ఎవరో ఎవర్నో కొడుతున్న చప్పుడు లోయ రెండు గోడలకీ తగిలి రెండింతలై వినిపిస్తోంది.

గైడు ముత్లఖ్‌ని ఒక బండరాయికి ఆనించి, చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. యాభై ఏళ్ళవాడు. ఎడమకన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి రెండు ముక్కలై గడ్డం మీదికి నెత్తురు కారుతోంది. మేజర్ గారి హవల్దారు గుడారం కర్ర పట్టుకుని లెక్క ప్రకారం పని చేసుకుపోతున్నాడు. ఒక ప్రశ్న, ఒక దెబ్బ.

"ఆ పట్నం బాబు పెళ్ళాం దీమా ఎక్కడ?"

డొక్కలో ఒకటి.

"ఆమెని ఎక్కడ పాతావు?"

మోకాలి మీద ఒకటి. ఎముక శబ్దం అయింది.

"ఆ కర్ర గుడారానిది," అంది నౌఫా వెనకనుంచి. "విరిగితే రాత్రికి మేజర్ గారు ఎక్కడ పడుకుంటారు?"

హవల్దారు ఆగాడు. మేజర్ ఘాలిబ్ మడత కుర్చీలోంచి లేవలేదు. ఆయన ఇస్త్రీ చొక్కా ఆ ఎడారిలో కూడా ఒక్క మడత తప్పలేదు. అదొక్కటీ చాలు, నౌఫాకు ఆయన మీద ఒళ్ళు మండడానికి.

"రండి, నౌఫా గారూ, రండి. ఫ్లాస్కులో టీ ఉంది. ఆ నీడన కూర్చుని తాగుతూ చూడండి. రెండింటికి హెలికాప్టరొస్తుంది. వీణ్ణి తీసుకుపోతాను."

"ఎక్కడికి?"

"ఉరికంబానికి. దారిలో కోర్టు కూడా తగుల్తుంది లెండి."

"దీమా దొరక్కుండానే?"

"అందుకేగా ఈ కష్టమంతా. మంగళవారం రాత్రి పోయింది. ఇవాళ గురువారం. ఈ ఎండలో నీళ్ళు లేకుండా మనిషి రెండు రోజులు బతికితే ఎక్కువ. వీడు ఇప్పుడు నోరు విప్పితే ఆమె బతుకుతుంది. మీరొచ్చి మర్యాదలు నేర్పిస్తూ కూర్చుంటే చస్తుంది. ఏది కావాలి?"

అందులో అబద్ధం లేదు. ఘాలిబ్‌తో వచ్చిన చిక్కే అది. ఆయన మాటల్లో సగం ఎప్పుడూ నిజమే ఉంటుంది.

నౌఫా ముత్లఖ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళ సీసా నోటికి అందించింది. అతను పుక్కిలించి ఉమ్మాడు. ఇసుకలో ఒక పన్ను పడింది.

"మామా, నన్ను గుర్తుపట్టావా?"

ఆ లోయ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అతను మామే. మేకపిల్ల తప్పిపోయినా, మనిషి తప్పిపోయినా అడుగుజాడలు చూసి తెచ్చి అప్పగించేవాడు.

"ఎందుకు గుర్తుపట్టను తల్లీ. మీ నాన్న గడ్డమే కదా నీది కూడా. వెంట్రుకలు తక్కువ, అంతే."

హవల్దారు నవ్వబోయి మేజర్ని చూసి మానుకున్నాడు.

"మంగళవారం ఏం జరిగింది?"

"సాయంత్రం నమాజు కాగానే ఒంటెల్ని తోలుకుని ఊట దగ్గరికి పోయాను. రెండు గంటల నడక. రాత్రి అక్కడే పడుకున్నా. బుధవారం తెల్లారి వచ్చేసరికి ఫ్రెయిజ్ ఇక్కడ పడున్నాడు. ఒళ్ళోకి తీసుకున్నా. నా చొక్కా మీద రక్తం అదే."

"ఊట దగ్గర నిన్నెవరు చూశారు?"

"ఒంటెలు."

"వాటిని కోర్టుకు పిలిపిస్తాం లెండి," అన్నాడు ఘాలిబ్. "నెల కిందట సంతలో పదిమంది ముందు ఫ్రెయిజ్‌ని ఏమన్నావో అది కూడా చెప్పు మీ మేనకోడలికి."

ముత్లఖ్ తల వంచుకున్నాడు. "నా చెల్లెలి మొగుడు వాడు. దాని మీదకి రెండో పెళ్ళాన్ని తెచ్చాడు. అడిగితే దాన్ని కొట్టాడు. తల పగలగొడతానన్నాను."

"అన్నట్టే చేశాడు. మాట మీద నిలబడే మనిషి," అన్నాడు ఘాలిబ్.

"వాడు నా చెల్లెలి పిల్లలకి తండ్రి, అయ్యా," అన్నాడు ముత్లఖ్. ఆ మాట చెప్పడానికి అతనికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

నౌఫా లేచి మోకాళ్ళ ఇసుక దులుపుకుంది. టైము పదకొండు నలభై.

* * *

దీమా భర్త వాఇల్ చిన్న గుడారం నీడలో కూర్చుని ఉన్నాడు. నలభై లోపు మనిషి. పట్నంలో నడక సంఘం ఒకటి పెట్టి ఏడాదికి నాలుగుసార్లు ఇలా లోయల వెంట పడేవాడు. ఎడమ ముంజేతికి కట్టు, కళ్ళలో ఎర్రజీరలు, ఒళ్ళో సగం తాగిన పళ్ళరసం డబ్బా.

అతను చెప్పిన కథ ఇస్త్రీ చేసి మడతపెట్టినంత శుభ్రంగా ఉంది. ముత్లఖ్ నీళ్ళకని వెళ్ళాక తనూ, భార్యా, ఫ్రెయిజూ భోంచేసి, పది దాకా మంట దగ్గర కబుర్లు చెప్పుకుని పడుకున్నారు. తెల్లవారుజాము మూడింటికి కేక వినబడి బయటికొస్తే ముత్లఖ్ రాయితో ఫ్రెయిజ్ తల బద్దలు కొడుతున్నాడు. అడ్డం వెళ్తే తన చెయ్యి కోశాడు. దీమాను జుట్టు పట్టుకుని కిందివైపు ఈడ్చుకుపోయాడు. నిన్నటి నుంచీ అందరూ కిందివైపే వెతుకుతున్నారు.

"భోజనంలోకి ఏం తిన్నారు?" అంది నౌఫా.

వాఇల్ తలెత్తాడు. "ఏమిటి?"

"మంగళవారం. ఏం తిన్నారు?"

"నా భార్య కనబడక నేను చస్తుంటే మీరు వంటల గురించి..."

"కోపం తెచ్చుకోకండి. ఇంట్లో రోజుకు మూడుసార్లు ఇదే ఆలోచన. అలవాటైపోయింది."

"చేపల డబ్బా. జున్ను. రొట్టె."

"ఏ రొట్టె? పట్నం నుంచి తెచ్చిందా?"

"కాదు. ఇక్కడివాళ్ళు చేసుకుంటారే, అర్బూదో ఏదో. ఫ్రెయిజ్ చేశాడు."

"బాగుందా?"

"బాగుంది."

"ఉప్పు సరిపోయిందా?"

అతను ఆమె ముఖంలోకి ఒక్క క్షణం ఎక్కువగా చూశాడు. "సరిపోయింది."

"ముగ్గురూ తిన్నారా?"

"తిన్నాం. దీమా రెండు ముక్కలు తింది. చాలా?"

"చాలు," అంది నౌఫా.

మంట వేసిన చోటు అక్కడికి ఆరడుగులు. కాపలా పోలీసులు ఆ బూడిదలోనే టీ ఆకు పారబోసి, సిగరెట్టు పీకలు గుచ్చి, నేరస్థలాన్ని ఎంత భద్రంగా కాపాడాలో అంత భద్రంగా కాపాడారు. పక్కన ఫ్రెయిజ్ చెప్పులు. ఒకదాని పక్కన ఒకటి పొందికగా విడిచి ఉన్నాయి. వాటి పక్కన పిండి కలిపిన గుడ్డ. గుడ్డ మీద పిండి పెళుసుగా ఎండిపోయింది.

నౌఫా పుల్ల ఒకటి తీసుకుని బూడిదలో గుచ్చింది. జానెడు లోతున పుల్ల దేనికో తగిలింది. ఆమె రెండు చేతులూ పెట్టి తవ్వింది.

బయటికొచ్చింది బండి చక్రం అంత రొట్టె.

ఆమె దాన్ని ఎత్తి, తిప్పి, మేజర్ ఘాలిబ్ ఇస్త్రీ పాంటు మీద బూడిద రాలేంత దగ్గరగా తీసుకెళ్ళి పెట్టింది. ఒకవైపు బొగ్గు. వేలితో గీస్తే నల్లటి పొడి రాలింది. రెండోవైపు తెల్లగా పిండి పిండిగానే ఉంది. దాని మీద ఇంకా నాలుగు వేళ్ళ గుర్తులు దిగి ఉన్నాయి. వాటిలో రెండు ఇప్పుడు మార్చురీలో విరిగి ఉన్నాయి.

"ఇదేమిటి?" అన్నాడు ఘాలిబ్.

"మంగళవారం రాత్రి భోజనం. వీళ్ళు తిన్నది."

నౌఫా వేలితో మాడిన వైపు చూపించింది.

"నిప్పులు పక్కకు లాగి వేడి ఇసుకలో పిండి పెడతారు. పైన బూడిద కప్పుతారు. పావుగంటయ్యాక తీసి తిరగేస్తారు. ఇంకో పావుగంట. తర్వాత కర్రతో బాది బూడిద దులుపుతారు. పొద్దు గుంకే వేళకు పెట్టడం మామూలు. మంగళవారం పొద్దు గుంకింది ఆరూ పదికి. ఫ్రెయిజ్ దీన్ని పెట్టాడు, తిరగేయలేదు. అంటే ఆరుంబావు, ఆరున్నర మధ్య లేచిపోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. మళ్ళీ రాలేదు."

"రెండో రొట్టె అయ్యుంటుంది."

"ముగ్గురికి రెండు చక్రాలా? మేజర్ గారూ, మీరెప్పుడైనా వంటింట్లోకి వెళ్ళారా?"

"ఒక రొట్టె పట్టుకుని కోర్టుకెళ్తారా మీరు?"

"సరే, రొట్టె వదిలేయండి. ముక్కు సంగతి చూడండి. ఇది మాడి బొగ్గయింది. ఆ కంపు ఈ ఇరుకు లోయలో ఎంత దూరం పోతుందో తెలుసా? ఈయన పది దాకా దీని పక్కనే కూర్చుని కబుర్లు చెప్పానంటున్నాడు. ఇంట్లో రొట్టె అంచు కాస్త నల్లబడితే వీధి చివరనుంచి వాసన పట్టేది మొగుళ్ళే. ఈయనొక్కడికీ నాలుగు గంటలపాటు తెలియలేదా?"

హవల్దారు ఈసారి నిజంగానే నవ్వాడు. పెళ్ళయినవాడిలా ఉన్నాడు.

"ఇంకొకటి. ముత్లఖ్ మామ చంపి ఉంటే ఈ రొట్టె ఇక్కడ ఉండదు. అర్బూద్ కొరికి పళ్ళు తెచ్చుకున్నవాడు అతను. బూడిద చూడగానే కింద ఏముందో తెలుస్తుంది. తీసి పారేసి, టైము మనకి దొరక్కుండా చేసేవాడు. బూడిదని వట్టి బూడిద అనుకునేవాడే దీన్ని వదిలేశాడు. పట్నంవాడు."

ఘాలిబ్ లేచి నిలబడ్డాడు. దవడ కండరం కదిలింది. "మీ వాడు కాబట్టి వెనకేసుకొస్తున్నారు. నిన్న వీణ్ణి పట్టుకున్నప్పుడు నేను వీడి కళ్ళు చూశాను. చెల్లెలి మొగుడు చచ్చినవాడి కళ్ళు కావవి. నాకు ఇరవై రెండేళ్ళ అనుభవం."

"నాకు శవం కాళ్ళ ఫోటో ఉంది," అంది నౌఫా. ముత్లఖ్ దగ్గరికెళ్ళి ఫోన్ అతని బతికున్న కంటి ముందు పెట్టింది. "మామా, ఈ తెల్లమన్ను ఎక్కడిది?"

ముత్లఖ్ చాలాసేపు చూశాడు.

"గంగాళం దగ్గరిది. పైనున్న పక్క చీలికలో. నాలుగొందల అడుగులు కూడా ఉండదు."

"గంగాళం ఏమిటి?"

"వరద తొలిచిన గొయ్యి. నాలుగు నిలువుల లోతు. గోడలు గాజులా ఉంటాయి. పడిన మేక పైకి రాదు."

"నిన్నటి నుంచీ చెప్పవేం?" అని అరిచాడు ఘాలిబ్.

"ఎవరడిగారయ్యా? మీరు కొట్టడానికి ముందు కిందివైపు గురించి అడిగారు, కొట్టాక కూడా కిందివైపు గురించే అడిగారు."

నౌఫా వెనక్కి తిరిగింది. గుడారం నీడలో పళ్ళరసం డబ్బా పక్కకి ఒరిగి ఉంది. రసం ఇసుకలోకి ఇంకుతోంది.

వాఇల్ లేడు.

"ఏడీ?"

కాపలా పోలీసు నీళ్ళు నమిలాడు. "ఒంటేలుకని వెళ్ళాడు మేడమ్. బాధితుడు కదా, వెంట వెళ్ళడం బాగుండదని..."

"ఎటు?"

పోలీసు పైవైపు చూపించాడు.

* * *

"బేడీలు తీయండి," అంది నౌఫా.

"కుదరదు."

"దారి ఇతనికొక్కడికే తెలుసు. ఆమె బతికుంటే వాడు ఆమెను చంపడానికే వెళ్ళాడు. బతికి లేకపోతే వాడంత పరుగు పెట్టడు. తీయండి!"

ఘాలిబ్ రెండు క్షణాలు ఆలోచించాడు. అంతకుముందు ఆయన ఎవరి మాటకీ అంతసేపు ఆలోచించి ఉండడు. "ఒక చేతికి మాత్రం తియ్యి," అన్నాడు హవల్దారుతో. "నువ్వు గట్టెక్కి హెలికాప్టర్‌కి చెప్పు. డాక్టరూ స్ట్రెచరూ కావాలను. లోయలో సిగ్నల్ లేదు." కాపలావాణ్ణి గుడారాల దగ్గరే ఉండమని, పిస్తోలు తీసుకుని ఆమె వెంట పరిగెత్తాడు.

కొండ ఎక్కేవాళ్ళ తాడు చుట్ట ఒకటి వాఇల్ సామానులో ఉంది. నౌఫా దాన్ని భుజాన వేసుకుంది.

ముత్లఖ్ కుంటుతూనే ముందు నడిచాడు. బేడీ రెండో కొస అతని కుడి మణికట్టుకు వేలాడుతూ రాళ్ళకు తగిలి గణగణమంటోంది. గోడలో మనిషి పట్టేంత బీట. దాంట్లోంచి పాక్కుంటూ పోతే అవతల ఎండ పడని ఇరుకు సందు. ఇసుక రంగు మారింది. తెల్లగా, బంకగా, అడుగు తీస్తే జిగురులా అంటుకుంటోంది.

ముందు రాయి దొర్లుతున్న శబ్దం వినిపించింది.

మేజర్ ఘాలిబ్ ఆమెను పక్కకి నెట్టి ముందుకెళ్ళాడు. ధైర్యం లేనివాడని ఆయన్ని ఎవరూ అనలేరు, ఓపిక లేనివాడని మాత్రం అనొచ్చు. మలుపు తిరగగానే తలకాయంత బండ ఆయన మెడకీ భుజానికీ మధ్య దిగింది. ఎముక పుటుక్కుమంది. పిస్తోలు పల్లానికి జారి ఎక్కడో పడింది. ఆయన గోడకు కొట్టుకుని కిందికి జారాడు.

వాఇల్ గొయ్యి అంచున ఉన్నాడు. వెనక ఒక పెద్ద బండని అంచు దాకా దొర్లించి ఉంచాడు. ఇంకో మూరెడు దూరం నెడితే గోతిలో పడేది. అతని కట్టు ఊడిపోయింది. కింద గాయం కత్తి గాటు కాదు, నాలుగు గోళ్ళు బలంగా దిగిన చాళ్ళు.

"ఆగు!"

అతను ఆగలేదు. నౌఫా మీదికి దూకాడు. ఇద్దరూ బంకమట్టిలో పడ్డారు. ఆమె తల రాతికి తగిలి కళ్ళ ముందు తెల్లటి మెరుపు మెరిసింది. అతని బొటనవేళ్ళు ఆమె గొంతు మీద బిగుసుకున్నాయి. గుప్పెడు మట్టి తీసి అతని కళ్ళలో కొట్టింది. పట్టు సడలలేదు. ముంజేతిని కొరికింది. నోటి నిండా ఉప్పటి రక్తం. పట్టు ఇంకా బిగిసింది. చెవుల్లో గాలి హోరు మొదలైంది.

అప్పుడు వాఇల్ ముఖం మీద ముత్లఖ్ నీడ పడింది. వాఇల్ తలెత్తి అతన్ని చూశాడు. ముఖంలో భయం కంటే ఆశ్చర్యం ఎక్కువ. ఏదో అనబోయి నోరు తెరిచాడు.

రాయి పడింది.

వేళ్ళు వదులయ్యాయి. నౌఫా దగ్గుతూ పక్కకి దొర్లింది. రాయి మళ్ళీ పడింది. మూడోసారి పడింది. పుచ్చకాయ బద్దలైనట్టు చప్పుడయింది. తెల్లమన్ను మీద ఎర్రగా చిందింది.

"చాలు మామా! చాలు!"

నాలుగోసారి కూడా పడింది. తర్వాత ముత్లఖ్ రాయి పక్కన పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకుని, వగరుస్తూ కూర్చున్నాడు.

"నిన్ను చంపేసేవాడు తల్లీ," అన్నాడు.

ఆమె దగ్గుతూనే తలూపింది. గోడకానుకున్న ఘాలిబ్ కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచెయ్యి పనికిరాకుండా వేలాడుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"బతికున్నారా మేజర్ గారూ?"

"మీ రొట్టె... గెలిచింది," అన్నాడు ఆయన, పళ్ళ మధ్యనుంచి. "సంతోషమేనా?"

గోతిలోంచి మూలుగు వినిపించింది.

* * *

తాడు ఒక కొసని రాతి కొమ్ముకి ఒక చుట్టు తిప్పి ముత్లఖ్ నడుముకి వేసుకున్నాడు. "నాకు చేతులు పోలేదు తల్లీ. ఒంటెని లాగేవాణ్ణి, నువ్వొక లెక్కా? దిగు."

నౌఫా రెండో కొస తన నడుముకి కట్టుకుని దిగింది. గోడలు అతను చెప్పినట్టే ఉన్నాయి. కాలు పెడితే జారిపోతోంది. ఒక నిలువు, రెండు నిలువులు, పైన ఆకాశం పళ్ళెమంత అయింది. అడుగున మోకాలి లోతు బురద నీళ్ళు. ఆ నీళ్ళే దీమాని బతికించాయి.

గోడకానుకుని కూర్చుని ఉంది. కుడికాలు మోకాలి కింద పక్కకి తిరిగిపోయి నల్లగా ఉబ్బింది. పెదవుల మీద చర్మం పొలుసులు కట్టింది. గోళ్ళు విరిగి వేళ్ళకొనలు పచ్చిపుళ్ళు. నౌఫా ఆమె ముఖం కడిగి సీసాలోని మంచినీళ్ళు ఒక్కో గుటక తాగించింది.

"భయం లేదమ్మా. నేను పోలీసుని. అయిపోయింది. నీ మొగుడు ఇంక రాడు."

దీమా ఆమె చెయ్యి పట్టుకుంది. మాట గాలిలా వచ్చింది. "ఫ్రెయిజ్?"

నౌఫా తల అడ్డంగా ఊపింది.

"నేను అంచు పట్టుకుని వేలాడుతున్నా. నా కేక విని పరిగెత్తుకొచ్చాడు. చెయ్యి అందించాడు. వాఇల్ నా వేళ్ళ మీద తొక్కుతున్నాడు, ఫ్రెయిజ్ వేళ్ళ మీద తొక్కుతున్నాడు. అయినా వదల్లేదు. అప్పుడు వెనకనుంచి..." ఆమె ఆగి మళ్ళీ గుటక వేసింది. "వెనకనుంచి రాయితో కొట్టాడు."

"వాఇల్."

"వాఇల్ నా ముందున్నాడు. కొట్టింది గైడు."

నౌఫా సీసా మూత పెట్టబోతూ ఆగిపోయింది.

"ఇద్దరూ ముందే అనుకున్నారు. నేను విడాకులడిగాను, వాఇల్‌కి నేను అడ్డం. గైడుకి ఫ్రెయిజ్ అడ్డం. నేను అరిస్తే ఫ్రెయిజ్ వస్తాడని వాళ్ళకు తెలుసు. నేను పడ్డాక పైన గొడవపడ్డారు. శవాన్ని ఇక్కడే పడేద్దామన్నాడు వాఇల్. వాడికి సమాధి ఉండాలి, నా చెల్లెలి పిల్లల తండ్రి అన్నాడు గైడు. ఎత్తుకుపోయారు."

మిగతాదంతా నౌఫాకు అర్థమైంది. ఆ తర్వాత ఒకరిని ఒకరు అమ్ముకున్నారు. వాఇల్ నోటితో ముత్లఖ్ పేరు చెప్పాడు. ముత్లఖ్ నోరు మూసుకుని దెబ్బలు తిన్నాడు. చెప్పులు విడిచిన చోటు, పిండి గుడ్డ, బూడిద, అన్నీ చూసి కూడా రొట్టెని ముట్టుకోలేదు. ఆ బూడిద తవ్వే మనిషి ఒక్కతే ఉందని అతనికి తెలుసు. అతిథికి భోజనం అట్టిపెట్టినట్టు ఆమె కోసం అట్టిపెట్టాడు. ఆమె వచ్చి, వడ్డించుకుని, అతని ముందే మెచ్చుకుంటూ తింది. అవి చెల్లెలి మొగుడు చచ్చినవాడి కళ్ళు కావని చెప్పిన ఒక్క మనిషిని, మేజర్‌ని, వెక్కిరించింది.

"పైన తాడు ఎవరు పట్టుకున్నారు?" అంది దీమా.

నౌఫా పైకి చూసింది. దీమాకి చెప్పక్కర్లేకపోయింది. చేత్తో తన నోరు తానే మూసుకుంది.

పైన పళ్ళెమంత ఆకాశంలో ఒక తల నల్లగా కనిపించింది.

"ఎలా ఉంది తల్లీ?"

హెలికాప్టర్ రెండింటికి. ఇప్పుడు టైము పన్నెండున్నర దాటి ఉంటుంది. పిస్తోలు ఎక్కడ పడిందో తెలియదు. గోడలు గాజులా ఉన్నాయి. నౌఫా గొంతు సవరించుకుంది. గొంతు నిజంగానే నలిగిపోయి ఉండడం మేలైంది.

"పోయింది మామా. లాభం లేదు. నన్ను పైకి లాగు."

దీమా కళ్ళు మూసుకుని శవంలా వాలిపోయింది. ఊపిరి కూడా బిగబట్టింది.

"అయ్యో," అన్నాడు ముత్లఖ్. "ఎప్పుడు పోయింది?"

"నేను దిగేటప్పటికే. మేజర్ గారిని పిలువు మామా, ఆయనతో ఒక మాట చెప్పాలి."

"ఆయన పలకడం లేదు తల్లీ. ఇందాకే పలకడం మానేశాడు."

తాడు బిగుసుకుంది. నౌఫా పాదాలు నీళ్ళలోంచి లేచాయి. జానెడు. మూరెడు. గోడకి చేతులు ఆనించి, పైకి చూడకుండా, ఊపిరులు లెక్కపెట్టుకుంది. ఒక నిలువు ఎత్తు వచ్చాక తాడు ఆగింది. ఆమె గాలిలో మెల్లగా గుండ్రంగా తిరగసాగింది.

బేడీ కొస రాతికి తగిలి గణగణమంది. తర్వాత ముత్లఖ్ గొంతు, మేకపిల్ల జాడ అడిగినంత మెత్తగా వినిపించింది.

"మరి ఇంతసేపూ ఎవరితో మాట్లాడుతున్నావు తల్లీ?"